ఆదివారం నాటి బకెట్టు

తెరచాప ఓడల గురించి వచ్చిన పుస్తకాలు చాలానే చదివాను. ఈ వయసులో చదవడం తప్ప నాకు వేరే పని కూడా లేదు. వాటిలో తెరచాపలు తెల్లగా ఉంటాయి, మంచుకొండలు నీలంగా మెరుస్తాయి, మనుషులు తెరచాప కొయ్యకు ఆనుకుని నిర్మానుష్యమైన తీరాన్ని చూస్తూ గొప్ప ఆలోచనలు చేస్తారు. ఆ చాపల కింద, చేపలకు పట్టించే ఉప్పు పోసుకునే అడుగు కొట్టులో, ఎవరు ప్రయాణం చేసేవారో ఒక్కరూ రాయలేదు. మా మేనత్త డోర్కస్ హౌన్సెల్ ఆ కొట్టులోనే వెళ్లింది.

మా న్యూఫౌండ్‌లాండ్ రేవుల నుంచి జూన్ వచ్చేసరికి కుటుంబాలకు కుటుంబాలు కాడ్ చేపల కోసం లబ్రడార్ తీరానికి తరలిపోయేవి. సొంత ఓడ లేనివాళ్లను ఓడ నడిపే స్కిప్పర్ ఎవరో ఒకరు సరుకుతో పాటు ఎక్కించుకునేవాడు. అత్త అజరయా అనే జాలరి దగ్గర వంటకూ చేపలు కోయడానికీ కుదిరింది. అప్పటికి ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు. అజరయా భార్య సెలీనాకు తొలిచూలు. అక్కడ గట్టు మీది తమ గుడిసె చేరాక కంటుందిలే అని బయలుదేరారు.

ఓడ హీబర్ స్కిప్పర్‌ది. ఆయన తాగడు, బూతు మాట్లాడడు, రోజూ పొద్దున్నే ఓడ డెక్కును రుద్ది రుద్ది కడిగించేవాడు. ఆ డెక్కు కిందే ఉప్పు రాశి, దాని మీద పరుపులు, పరుపుల మీద ఆడా మగా పిల్లలూ, మూలన రెండు మేకలు. ఒంటికీ రెంటికీ మగవాళ్లకు ఓడ అంచు ఉంది. ఆడవాళ్లకు ఉన్నది ఒకే బకెట్టు. దానికి అడ్డం కూడా లేదు. ఒకామె కూర్చుంటే తక్కినవాళ్లు చుట్టూ పావడాలు చాచి నిలబడేవారు. అలలు పెద్దవైతే కొట్టు పైమూత బిగించేవారు. అప్పుడు బకెట్టు దొర్లేది. ఆ తడి పరుపుల్లోకి ఇంకేది. సెలీనా తాగిన నీళ్లు తాగినట్టే కక్కేసేది.

శనివారం సాయంత్రం ఓడ తీరంలోకి చొచ్చుకుపోయిన ఒక కయ్యలో లంగరు వేసింది. పొగ లేదు, ఇల్లు లేదు. నల్లరాయి, నాచు, రాళ్ల మీంచి దూకే నీళ్లు. ఆదివారం పని చేస్తే పాపమని హీబర్ స్కిప్పర్ ఓడ కదిలించడు. ఆయన ఓడలో కట్టెలు కొట్టడం పని, బూట్లకు నూనె రాయడం పని, బకెట్టు వంపడం కూడా పనే.

ఆ పొద్దున సెలీనాకు నొప్పులు మొదలయ్యాయి. అత్త పైకెక్కి స్కిప్పర్ దగ్గరకు వెళ్లింది.

"స్కిప్పర్, పడవ దింపించండి. సెలీనాను ఒడ్డుకు తీసుకెళ్తాం. ఆ కంపులో అది కనలేదు."

"ఇవాళ ఏ వారమో తెలుసా అమ్మాయ్?"

"నాకు తెలుసండీ. నొప్పులకే తెలీదు."

"తొలికాన్పు తొందరగా కాదు. రేపు తెల్లారగానే దింపిస్తాను."

"పోనీ ఆ రెండో తెరచాప ఇవ్వండి. అడ్డం కట్టుకుంటాం."

"కొత్త చాప అది. మీ కింద నలిగాక మళ్లీ కొయ్యెక్కుతుందా?"

"బకెట్టయినా వంపనివ్వండి."

"పని పనే. కొట్టు మూత వేసుకుని కూర్చోండి. ప్రార్థన వేళ వాసన పైకి రాకూడదు."

అజరయా పక్కనే నిలబడి టోపీ నలుపుతున్నాడు. అత్త అతని వైపు తిరిగింది.

"నీ పెళ్లాం కాదూ? నోరు విప్పవేం?"

"వచ్చే ఏడు కూడా ఈ ఓడే ఎక్కాలి కదా డోర్కస్," అన్నాడతను నెమ్మదిగా.

ప్రార్థనకు అందరూ డెక్కు మీద చేరారు. స్కిప్పర్ పెద్ద బైబిలు తెరిచాడు. అప్పుడు మెట్ల మీంచి అత్త వచ్చింది, రెండు చేతులా బకెట్టు పట్టుకుని. నిండుగా ఉంది. మనుషుల మధ్య నుంచి నడిచి, దాన్ని స్కిప్పర్ బూట్ల దగ్గర పెట్టి, పక్కనే చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమిటిది?"

"వంపలేదండీ. వంపితే పని. రాత్రీ పగలూ మాతో ఉండేదే కదా, ప్రార్థనకు తీసుకొచ్చాను."

ముసలి జోబ్ గొంతు సవరించుకున్నాడు. ఓడలో పాట ఎత్తుకునేది ఆయనే.

"ఏ వరస ఎత్తమంటావు స్కిప్పర్? కొంచెం పొట్టిది చూద్దామా? గాలి నీ వైపే కొడుతోంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే ఊపిరి పీల్చాలి. స్కిప్పర్ చదవడం మొదలుపెట్టాడు. రెండు వచనాలకే ముఖం పాలిపోయింది, మెడ మీద చెమట పట్టింది, అయినా చదివాడు. కింద నుంచి సెలీనా అరుపు వినిపించింది. మళ్లీ వినిపించింది. మనుషులు ఒక్కొక్కరే పుస్తకం మీంచి చూపు తీసి ఆయన ముఖం వైపు చూడసాగారు. అప్పుడు ఆయన పుస్తకం మూశాడు.

"దయతో చేసేది పని కిందికి రాదు," అన్నాడు, ఆ మాట అప్పుడే ఆ పేజీలో కనిపించినట్టు.

పడవ దిగింది. చాపను జోబ్ ఎవరినీ అడగకుండా భుజాన వేసుకున్నాడు. ఒడ్డున తెడ్లు నిలబెట్టి దాన్ని పైన కప్పారు. ఆ నాచు మీద, నల్లదోమలు కళ్లల్లోకీ నోట్లోకీ దూరుతుంటే, సెలీనా మగపిల్లాణ్ణి కన్నది. వాగు నీళ్లు తాగింది. ఆ నీళ్లు కడుపులో నిలిచాయి.

సోమవారం స్కిప్పర్ మళ్లీ అందరినీ పిలిచాడు. తన గుండెలో దయ పుట్టించినందుకు దేవుడికి చాలాసేపు కృతజ్ఞతలు చెప్పాడు. అజరయా టోపీ తీసి ముందుకొచ్చాడు.

"పిల్లాడికి మీ పేరే పెట్టుకుంటాం స్కిప్పర్."

స్కిప్పర్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కళ్లు తుడుచుకోవడం తలుచుకుంటే నాకు ఆ బకెట్టే నయమనిపిస్తుంది. చాప ఉతికే పని మాత్రం అత్తకు పడింది. ఆ తర్వాత ఏ స్కిప్పరూ ఆమెను ఓడ ఎక్కనివ్వలేదు. మా రేవులో ఇప్పటికీ చెప్పుకునేది హీబర్ స్కిప్పర్ దయ గురించే.

ఆ పిల్లాడు సగం రోజులు అత్త వంటింట్లోనే పెరిగాడు. గట్టి బిస్కెట్టు నానబెట్టి, మొలాసిస్ పాకం పోసి, ముద్దలు చేసి పెట్టేది. ఒరేయ్ అనేది, అబ్బాయ్ అనేది. పేరు పెట్టి మాత్రం ఎన్నడూ పిలవలేదు. పెళ్లినాడు కొత్త కోటు తొడుక్కుని ఆమె దగ్గరకు వచ్చాడు.

"అత్తా, ఇవాళయినా నా పేరు పెట్టి పిలవకూడదూ?"

అత్త అతని కాలరు సరిచేసింది.

"నిన్ను ఎత్తుకున్నానురా, ముద్దులు పెట్టుకున్నాను. ఆ పేరు మాత్రం నోట్లో పెట్టుకోలేను."