గేటు దగ్గర రెండున్నర శ్రుతి

1981. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక సంగీత సభ వార్షికోత్సవం. తెర లేచింది. వయొలిన్ విద్వాంసురాలు కామేశ్వరి గారు కమాను పక్కన పెట్టి, అప్పటికే శ్రుతి చేసి ఉంచిన వయొలిన్‌కి మళ్ళీ తీగల బిరడలు బిగించడం మొదలుపెట్టారు. గేటు దగ్గర బ్యాండు మేళంలోని శాక్సఫోన్ ఇంకా ఆగలేదు. ఆపమని వాలంటీరు వెళ్ళి చెప్పి వచ్చినా ఆగలేదు. ఆవిడ చెవి అటు పెట్టి ఒక్కొక్క తీగనే పైకి లాగుతున్నారు. తంబురా ఆయనతో కూడా ఏదో అన్నారు. ఆయన ముందు తెల్లబోయి, తర్వాత తనూ బిరడ మీద చెయ్యి వేశాడు.

ముందు వరసలోని కార్యదర్శి గారు లేచి నిలబడ్డారు. సంగీతం తెలిసినవాళ్ళకి విషయం అప్పుడే అర్థమైంది. నాకు కొంచెం సేపు పట్టింది.

నేను ఒక దినపత్రిక రిపోర్టర్ని. హార్బరు, మునిసిపాలిటీ చూసేవాడికే మా దగ్గర సంగీతం కూడా అంటగట్టేవారు. కచేరీ వార్త రాయడానికి కచేరీ వినాల్సిన పని లేదు. ఆహ్వానపత్రంలో పేర్లు, ముఖ్య అతిథి ప్రసంగంలో రెండు ముక్కలు ఉంటే చాలు. దాన్ని హ్యాండవుట్ వార్త అంటాం. అంటే ఎవరో చేతికిచ్చినదాన్ని మనం చూసి రాసినట్టు వేయడం. ఆ రోజూ అలాగే వేద్దామని వెళ్ళాను.

శాక్సఫోన్ వాయించేది అప్పలరాజు, నాకు ముందునుంచీ తెలిసినవాడే. ఎలమంచిలి దగ్గర సన్నాయి వాయించే కుటుంబం వాళ్ళది. పూర్ణా మార్కెట్ వెనక సందులో బ్యాండు మేళం నడిపేవాడు. ఓడ దిగిన ఓ విదేశీ నావికుడు అమ్ముకుపోయిన శాక్సఫోన్ కొని, తండ్రి సన్నాయి మీద నేర్పిన వర్ణాలు, కీర్తనలు దాని మీద పలికించుకున్నాడు. పెళ్ళి ఊరేగింపుల్లో సినిమా పాటలు, పొద్దున్నే సాధనలో మాత్రం రాగాలే. తనని తాను తక్కువ చేసి చెప్పుకునే అలవాటు అతనికి లేదు. "నా పక్కన నిలబడి ఊదీవోడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు బాబూ. పుడితే నానే సెప్తాను" అనేవాడు.

అతనికి ఒకటే పంతం. ఆ సభ వేదిక మీద కూర్చుని ఒక ఆలాపన చెయ్యాలి. ఆలాపన అంటే ముందే కట్టిపెట్టుకున్న పాట కాదు. రాగాన్ని అప్పటికప్పుడు, మనసుకి తోచిన దారిలో నడిపించడం. విద్వాంసులు దీన్ని మనోధర్మం అంటారు. ఏటేటా కార్యదర్శిని అడిగేవాడు. వేదిక మీద శాక్సఫోన్ సంప్రదాయం కాదని ఏటేటా ఒకటే జవాబు. గేటు దగ్గర మేళానికి మాత్రం అతన్నే పిలిచేవారు. ముఖ్య అతిథి కారు దిగి, లోపలికొచ్చి కూర్చునేదాకా వాయించాలి. తెర లేవగానే ఆపి, సోడా తాగి వెళ్ళిపోవాలి.

కార్యదర్శి గారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మర్యాదస్తులు. అంతకుముందోసారి నేను ఈ సంగతి కదిపితే నెమ్మదిగా, "మనిషి మీద మాకేం లేదండీ. వాయిద్యం బ్యాండుది. దాని చోటు దానికుంది" అన్నారు. వయొలిన్ కూడా బయటినుంచి వచ్చిందే కదా అన్నాను. "అది వచ్చి చాలా కాలమైందండీ" అన్నారు. ఎంత కాలమైతే చాలో చెప్పలేదు.

అప్పలరాజుకి ఈ మాట చేరవేస్తే నవ్వాడు. "గేటు కాడ ఊదితే మంగళం, లోపల ఊదితే మైలా? ఇదేటి లెక్క బాబూ?"

కామేశ్వరి గారి ఇల్లు అతని సందు చివరే. విజయనగరంలో నేర్చుకుని వచ్చి, ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పేవారు. అతని సాధన ఆవిడ కిటికీలోంచి, ఆవిడ సాధన అతని కొట్లోకి వినబడేవి. ఏళ్ళ తరబడి ఒకరినొకరు విన్నారుగానీ, కలిసి వాయించింది లేదు.

ఇక శ్రుతి సంగతి. ప్రధాన కళాకారుడి శ్రుతికి పక్కవాద్యాలు కలుపుకోవాలన్నది కచేరీ కట్టుబాటు. ప్రధాన కళాకారుడు ఎవరికోసమూ మారడు. కామేశ్వరి గారిది రెండు శ్రుతి. అప్పలరాజుది రెండున్నర, అంటే దానికి ఒక మెట్టు పైన. కాబట్టి ఆ సాయంత్రం ఆవిడ బిరడ తిప్పడం అంటే, ఆహ్వానపు కార్డు మీద ప్రధాన కళాకారిణిగా పెద్దక్షరాల్లో పేరున్న విద్వాంసురాలు నిండు సభలో, గేటు దగ్గర బ్యాండువాడికి పక్కవాద్యంగా కూర్చోవడం.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. ఆ ఎదురుచూపులో అప్పలరాజు సినిమా పాటలు మానేసి ఖరహరప్రియ ఎత్తుకున్నాడు. తెర లేచేసరికి రాగం సగంలో ఉంది. ఆపమన్న వాలంటీరుతో, "సగంలో ఆపితే రాగం పీక నొక్కినట్టు బావా. నాను ఆపను. కావాలంటే మీ తెర దించుకోండి" అన్నాడట.

మృదంగం ఆయన తన వాయిద్యాన్ని ఒళ్ళోంచి దించి చేతులు కట్టుకున్నాడు. ఆలాపనకి తాళం అక్కర్లేదు. కామేశ్వరి గారు ఆయన వైపు చూడనైనా చూడకుండా కమాను తీసి, గేటు దగ్గర వినబడుతున్న రాగాన్ని అందుకున్నారు.

శాక్సఫోన్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత దగ్గరవడం మొదలుపెట్టింది. కచేరీ విద్వాంసులు నడుస్తూ వాయించరు. బ్యాండువాడికి అదే బతుకు. ఎర్ర కోటు వేసుకుని, మెడలో వాయిద్యం వేలాడుతుంటే, కుర్చీల మధ్య నుంచి వాయించుకుంటూనే వచ్చాడు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచాడు. వేదిక మెట్లకి అడ్డంగా నిలబడ్డ కార్యదర్శి గారు, "మెట్టెక్కొద్దు అప్పలరాజూ" అన్నారు. అతను ఎక్కలేదు, ఆపనూ లేదు. మెట్ల కింద నిలబడే వాయించాడు. కామేశ్వరి గారు ముందుకు జరిగి వేదిక అంచున కూర్చున్నారు.

ఎవరో మైకు కట్టేశారు. శాక్సఫోన్‌కి మైకుతో పని లేదు. మునిగిపోవాల్సింది వయొలినే. లారీ హారన్ల మీద ఊది అలవాటైన ఆ మనిషి ఊపిరి తగ్గించాడు. ఎంతగా తగ్గించాడంటే, మీటలు పడిలేస్తున్న చప్పుడు కూడా మాకు వినబడింది. ఆవిడ ఒక దారి పడితే అతను పక్కన సందు తీశాడు. అతను పై షడ్జం మీద నిలిస్తే ఆవిడ కిందినుంచి మెల్లగా ఎక్కి వెళ్ళి కలిశారు. తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో ఎదుటివాళ్ళకి తెలియదు. అయినా ఒక్కచోటా ఢీకొనలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఎక్కువమంది కదల్లేదు. చివర్లో, అంత బిగించిన తీగల్లో ఒకటి తెగింది. మిగిలిన తీగల మీదే ముగించారు.

వేదిక దగ్గరికి వెళ్ళి ఆవిణ్ణి ఒకటే అడిగాను. కచేరీ వార్తలో ప్రధాన కళాకారుడి పేరు ముందు, సహకారం అందించినవాళ్ళ పేర్లు తర్వాత వస్తాయి. ఎవరి పేరు ముందు రాయమంటారు?

తెగిన తీగ చుట్ట చుడుతూ ఆవిడ, "శ్రుతి ఎవరిది?" అన్నారు.

అప్పలరాజుది అన్నాను.

"మరి నన్నడుగుతారేమిటండీ?"

వార్తలు దిద్ది శీర్షికలు పెట్టే విభాగాన్ని డెస్క్ అంటాం. డెస్క్ పెద్దాయన నా కాపీ చదివి కళ్ళజోడు తీశారు. "కార్డులో ఈ పేరే లేదేమయ్యా?"

"కార్డు ముందే అచ్చయిందండీ. కచేరీ ఆ తర్వాత జరిగింది."

రేపు సభవాళ్ళొస్తారు, నువ్వే మాట్లాడుకో అని కాపీ అచ్చుకి పంపించేశారు. 'శాక్సఫోన్: అప్పలరాజు. వయొలిన్ సహకారం: కామేశ్వరి' అని అచ్చయింది.

అన్నట్టే కార్యదర్శి గారు ఆఫీసుకి వచ్చారు. సవరణ వెయ్యాలన్నారు. ఏ వాక్యం తప్పో గీత గీసివ్వండి, రేపే వేస్తామన్నాను. ఆయన పేపరు పట్టుకుని చాలాసేపు చదివారు. పెన్ను తియ్యలేదు.

"జరిగిందంతా రాయాలనేముందండీ" అన్నారు చివరికి.

"జరగనిది కావాలంటే మీ కార్డుందిగా" అన్నాను. దురుసు మాటే. ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆ తర్వాత మా పత్రికకి ఆ సభ పాసులు పంపడం మానేసింది. కామేశ్వరి గారిని పిలవడమూ మానేసింది. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆవిడ దగ్గర మాన్పించారు. ఆవిడ మాత్రం తన వయొలిన్‌ని మళ్ళీ రెండుకి దించలేదు. మరుసటేడు గేటు మేళానికి కబురొస్తే అప్పలరాజు, "లోపలికైతే వత్తాను. గేటు కాడ మీరే నిలబడండి" అని చెప్పి పంపాడు. స్టీల్ ప్లాంటు కార్మికుల కాలనీలో, దువ్వాడ వైపు కాలేజీల్లో వాళ్ళిద్దరూ చాలాసార్లు కలిసి వాయించారు. నేను ఆఫీసు పని పెట్టుకుని కొన్నింటికి వెళ్ళాను, పెట్టుకోకుండా మిగతావాటికి వెళ్ళాను.

ఆ రోజు తర్వాత కార్డు చూసి వార్త రాయలేదు. జరగబోయేది ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. జరిగింది రాయడానికి మాత్రం చివరిదాకా కూర్చోవాలి. ఈ వృత్తిలో నాకు ఎవరూ చెప్పని పాఠం అది. ఒక విద్వాంసురాలు బిరడ తిప్పి చూపించారు.

ఇది రాస్తున్నది 1989లో. సభ గేటు దగ్గర ఇప్పుడు మేళం లేదు, క్యాసెట్ వేస్తున్నారు. ముఖ్య అతిథి కూర్చోగానే అది ఆగిపోతుంది. ఏ వాక్యం తప్పో ఎవరూ గీత గీసివ్వలేదు, సవరణ మేం వెయ్యలేదు. ఆ వేదిక మీదికి శాక్సఫోన్ ఎక్కలేదు. అప్పలరాజు ఈ ఏడూ అడిగాడు. జవాబు ఇంకా రాలేదు.