మెడ పైకి కుట్టిన జాకెట్లు

ఏడేళ్లుగా ఈ సంగతి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. చెబితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. తప్పేనా? అదీ నాకు తేలడం లేదు. మీరు వినండి, చాలు.

ఉయ్యూరులో మా ముందుగదిలో జాకెట్లు కుడతాను. మా వీధిలోకి అద్దెకొచ్చిన ఒకావిడ, చుట్టాల పెళ్లి ఉందని తన ఆడపడుచు సుజాతను తీసుకొచ్చింది. సుజాతకు ముప్పై ఏళ్లుంటాయి. మాట, బుద్ధి ఐదేళ్ల పిల్లవి. కొలతలకని పైట పక్కకు తీస్తే, జాకెట్టు మెడకు పైన వీపు మీద కాలిన మచ్చలు. మూడు, పక్కపక్కనే, అట్లకాడ వెడల్పున. ఒకటి ఇంకా పచ్చిగా ఉంది.

నేను చూడడం వదినగారు చూసింది.

"ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడిందండీ. మెడ కాస్త పైకి పెట్టండి."

"అలాగేనండీ."

సుజాత నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇక్కడే ఉంటా."

"రేపు రామ్మా," అని నవ్వాను.

పొయ్యి మీద పడితే మచ్చలు అలా వరసగా పడతాయా? పడతాయేమో. అలాంటివాళ్లు ఎవరింటికెళ్లినా ఉంటాననే అంటారేమో. మూడు జాకెట్లు కుట్టాను, ఒక్క మచ్చా కనబడకుండా.

ఆ నెలలోనే మా పొదుపు సంఘానికి ఒక లాయరమ్మ వచ్చి, వికలాంగుల్ని హింసిస్తున్నారని అనుమానం వస్తే ఎవరైనా తహసీల్దారుకు చెప్పవచ్చని, రుజువులు మనం తేనక్కర్లేదని, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని వివరంగా చెప్పింది. అప్పటికి వాళ్లింకా మా వీధిలోనే ఉన్నారు. తహసీల్దారు ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. వెళ్లలేదు. ఆ పిల్లకు స్నానం చేయించేదీ, అన్నం పెట్టేదీ ఆ వదినే కదా, ఆమెను స్టేషన్‌కు లాగితే సుజాత ఎవరి దగ్గరుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది జాలా, భయమా?

తర్వాత వాళ్లు పామర్రు వైపు వెళ్లిపోయారు. ఏడాదికి విజయవాడ బస్టాండులో వదినగారు కనిపించింది. సుజాత ఫిట్స్ వచ్చి పోయిందని చెప్పి ఏడ్చింది. నిజమైన ఏడుపే. అందుకే నాకు ఏదీ తెగడం లేదు. ఫిట్స్‌తో మనుషులు పోతారు. పోరా?

ఆ సాయంత్రం మా ఆయన, "ఆ పిల్లను వాళ్లు బాగానే చూసుకునేవాళ్లా?" అని అడిగాడు. నాకేం తెలుసన్నాను.

అబద్ధం. టేపు పట్టుకున్న ఆ క్షణమే నాకు తెలిసింది.