సీతారావమ్మ మనవరాలి పాస్‌పోర్టు

రేపల్లెలో సీతారావమ్మ మాటకి ఎదురు లేదు. కూతురు వసుంధర కడుపుతో ఉన్నప్పుడు న్యూజిలాండ్ నుంచి ఫోన్ చేసి, "తొలికాన్పు పుట్టింట్లో కదమ్మా, వచ్చేస్తా" అంటే, "చాల్లేవే! అక్కడే కను. బిడ్డకి ఆ దేశం పాస్‌పోర్టు వస్తుంది" అని ఆర్డరేసింది. ఆచారం గీచారం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత తెనాలిలో ఏ పెళ్లికెళ్లినా, "మా మనవరాలు ఫారిన్ పిల్లండీ" అనకుండా విస్తరి ముందు నుంచి లేచేది కాదు.

ఆ ఫారిన్ పిల్ల శ్రీనిధికి రెండేళ్లు నిండకుండానే తండ్రి ఉద్యోగం ఊడింది. అందరూ తిరిగొచ్చి అడవులదీవి దగ్గర రొయ్యల చెరువులు వేసుకున్నారు. పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. బాపట్ల కాలేజీలో రగ్బీ నేర్చుకుంది. అదేం ఆటో! బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లని నడుం వాటేసి పడెయ్యడమట. అందులో మనమ్మాయి ఎంత గట్టిదంటే, ఇండియా జట్టు సెలక్షన్‌కి పిలుపొచ్చింది.

కోచ్ జ్యోతిర్మయి ఇంటికొచ్చింది. "రగ్బీ వాళ్ల రూలు సులువేనండి. అమ్మో నాన్నో, ఆఖరికి అమ్మమ్మ ఈ దేశంలో పుట్టినా చాలు."

"నేను తెనాల్లో పుట్టానమ్మా!" సీతారావమ్మ పొంగిపోయింది.

"కానీ మన ప్రభుత్వం ఇండియా పాస్‌పోర్టు కూడా ఉండాలంటుంది పిన్నిగారూ. శ్రీనిధిది న్యూజిలాండుది. అది వదులుకుని ఇక్కడి పౌరసత్వం తెచ్చుకోవాలి. ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. ఈసారికి ఎలాగూ లేదు. తర్వాతైనా జట్టులో తీసుకుంటారని హామీ ఇవ్వలేను."

ఆ పాస్‌పోర్టు కావాలని ఆర్డరేసింది సీతారావమ్మే. చేజేతులా చేసుకుంది, ఎవర్ని తిట్టగలదు?

కోచ్ వెళ్లగానే కొడుకు శివనాగరాజు అందుకున్నాడు. "ఆ పాస్‌పోర్టు కోసం జనం పొలాలమ్ముకుంటుంటే, దిక్కుమాలిన ఆట కోసం వదులుకుంటుందా? అమ్మా, నువ్వు చెప్పు. నీ మాటే వింటుంది."

వద్దని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది కూడా. ఆ పాస్‌పోర్టు మీద మమకారం ఇంకా చావలేదు మరి.

ఈలోగా శివనాగరాజు మేనకోడలి మీద పడ్డాడు. "తీరా వదులుకున్నాక సెలక్టు కాకపోతే ఏం చేస్తావే?"

"ఆట చాలక తీసేస్తే ఏడ్చి ఊరుకుంటా మావయ్యా. నాకు చేతకాలేదనుకుంటా. ఇప్పుడీ పాస్‌పోర్టు వల్ల ఆగిపోతే నేను చేసిన తప్పేంటని ఏడవను?"

తప్పెవరిదో ఆ పిల్ల అనలేదు. అమ్మమ్మ వైపు చూడను కూడా లేదు.

"నువ్వు ఊరుకోరా" అంది సీతారావమ్మ కొడుకుతో. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్ తల్లీ ఆ పాస్‌పోర్టుని" అంది. ఇంకేం చెప్పబోయినా ఏడుపే వచ్చింది.