బౌషర్ క్యాంపులో మందారాలు

ఈ ఉదయం మా ఇంటావిడ పెరట్లో మందారాకులు కోసి, రోట్లో వేసి నూరుతోంది, తలకు పట్టించుకోవడానికి. పక్కన పేపరు చూస్తూ కూర్చున్న నేను ఊరికే ఒక ఆకు తీసి వేళ్ల మధ్య నలిపాను. పచ్చి వాసన ముక్కుకు తగిలింది, జిగురు వేళ్లకు సాగింది. అంతే, యాభై ఏళ్లు వెనక్కి పోయాను. ఒమాన్‌లో, బౌషర్ కొండల కింద, మా కంపెనీ రేకుల క్యాంపు ముందు ఇలాగే వేళ్లకు జిగురు చేసుకుని గొంతుక్కూర్చున్న రోజులు. పక్కన మస్తాన్ సాబ్. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. ఆయన సంగతి తెలిసినవాళ్లు మా క్యాంపు మనుషులే. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అందుకే నేను రాయాలి.

నేను కరీంనగర్ జిల్లా వాణ్ణి, పేరు నర్సయ్య. డెబ్బైల మధ్యలో, ఇరవై మూడేళ్ల వయసులో, లేబర్ పనికి ఒమాన్ వెళ్లాను. అప్పుడు ఆ దేశాన్ని కొత్తగా కడుతున్నారు. రోడ్లు, ఆసుపత్రులు, ఇళ్లు, ఎటు చూసినా కంకర, సిమెంటు. తెల్లవారగానే కంపెనీ బస్సు మమ్మల్ని బౌషర్ నుంచి ఖురం సైట్‌కు తీసుకుపోయేది. సముద్రానికి దగ్గరగా అక్కడ బంగళాలు లేస్తున్నాయి. నా పని కాంక్రీటు తట్టలు మోయడం. పని కష్టమని నేను ఏడవలేదు, మా ఊళ్లో అంతకంటే బరువులే మోశాను. కానీ క్యాంపు చుట్టూ కంటికి పచ్చగా ఏదీ కనపడేది కాదు. మాడిన రంగు కొండ, ఇసుక, తెల్లటి ఎండ. పది రోజులకే నాకు తిండి సయించడం మానేసింది. కంచం ముందు కూర్చునేవాణ్ణి, రెండు ముద్దలు కలిపేవాణ్ణి, లేచిపోయేవాణ్ణి.

మా రూమ్‌లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. అందరికంటే పెద్దవాడు మస్తాన్ సాబ్. యాభై దాటిన మనిషి, కడప వైపు వాడు. సెంట్రింగ్ వడ్రంగి, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలతో అచ్చు కట్టేవాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. చెవి మీద పెన్సిలు ఎప్పుడూ ఉండేది. తమవాళ్లతో దక్కనీ ఉర్దూలో మాట్లాడేవాడు, మాతో కడప తెలుగులో. ఒకరోజు మధ్యాహ్నం సైట్‌లో నేను టిఫిన్ క్యారియర్ మూత పెట్టేస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఏమబ్బీ, మూడు దినాలుగా చూస్తాండా. ఈ అన్నం యాడికి పోతాంది?”

“కుక్కలకేస్తున్న సాబ్. లోపలికి పోతలేదు.”

“ఇంటికి పోవాలని ఉందా?”

“పోత. రేపు ముదీర్‌ను అడుగుత.” ముదీర్ అంటే మా మేనేజరు.

ఆయన నాకు ధైర్యం చెప్పలేదు. మగవాడివి, ఏడవకూడదు అనలేదు. “రేపు వద్దులే. ఎల్లుండి అడుగు. రేపు నాకు నీతో పనుంది” అన్నాడు.

మర్నాడు డ్యూటీ అయ్యాక బస్సు ఎక్కేటప్పుడు ఆయన చంకలో తడి గోనెసంచి మూట ఉంది. మా సైట్ పక్కనే అప్పటికే మనుషులు చేరిన ఒక బంగళా ఉండేది. దాని గోడ పొడవునా పూల కంచె. అక్కడ కత్తిరించి పడేసిన కొమ్మలను ఆయన అడిగి తెచ్చాడు. క్యాంపుకు వచ్చాక మూట విప్పితే చిటికెన వేలంత లావు కట్టెలు.

“ఇవేంటివి సాబ్?”

“మందారం. మా పక్క దాసాని అంటారు. పట్టు, జానెడు జానెడుకు కొయ్యల్ల. కింద కోత ఏటవాలుగా ఉండల్ల. పైన రెండాకులు చాలు, మిగతావి తీసెయ్.”

ఆకులు దూస్తుంటే నా వేళ్లన్నీ జిగురు. వంట దగ్గర పడేసిన పాలపొడి డబ్బాలు ఏరుకొచ్చి అడుగున మేకుతో కన్నాలు కొట్టాం. బౌషర్ ఊళ్లోని మేకల దొడ్డి దగ్గర ఒక ముసలమ్మను చేతులతో సైగలు చేసి అడిగితే ఎండిన ఎరువు గంపెడు ఇచ్చింది. ఇసుక, ఎరువు కలిపి పద్దెనిమిది డబ్బాల్లో పద్దెనిమిది కొమ్మలు గుచ్చాం. పైన ఖర్జూరపు మట్టలతో నీడ వేశాం. ఆ సాయంత్రం తెలియకుండానే నేను కంచం ఖాళీ చేశాను. మర్నాడు ముదీర్‌ను అడగలేదు. నేను పోతే డబ్బాలకు నీళ్లెవరు పోస్తారు?

ఇక నాకు అదే లోకం. రోజుకు మూడుసార్లు చూసేవాణ్ణి. ఒకసారి ఆగలేక ఒక కొమ్మను పైకి లాగి వేరు వచ్చిందా అని చూస్తుంటే మస్తాన్ సాబ్ పట్టుకున్నాడు. “రోజూ పెరికి చూస్తే అది యాడ బతుకుతాది? దాని మానాన దాన్ని ఉండనీ” అన్నాడు. అప్పటినుంచి చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాణ్ణి. ఒక్కొక్కటే నల్లబడి ఎండిపోయాయి. నెల తిరిగేసరికి పదిహేను పోయాయి. ఒక పొద్దున మిగిలిన మూడింటిలో ఒకదాని కణుపు దగ్గర బియ్యపు గింజంత పచ్చటి మొన కనపడింది. అందరూ అప్పటికే బస్సెక్కారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి కిటికీలోంచి మస్తాన్ సాబ్ చెయ్యి పట్టి లాగాను. ఆయన దిగి వచ్చాడు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. మేమిద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఆ మొనను చూస్తూనే ఉన్నాం. ఆయన దాన్ని ముట్టుకోలేదు. తన మోకాలి మీద చేత్తో కొట్టుకుని, “వచ్చిందబ్బీ” అన్నాడు. వారం తిరక్కుండా మిగతా రెండూ చిగురించాయి.

ఆయన దగ్గర రోజుకో కొత్త సంగతి ఉండేది. గొయ్యి లోతు కంటే వెడల్పు ఎక్కువ ఉండాలని ఒకరోజు చెప్పేవాడు. ఇక్కడి నీళ్లలో ఉప్పు ఉంటుంది, మట్టిమీద తెల్లగా పేరుకుంటే ఒకేసారి ఎక్కువ నీళ్లు పెట్టి కిందికి దించాలని ఇంకోరోజు. పిండిపురుగు పడితే బీడీ ముక్కలు నానబెట్టిన నీళ్లతో తుడవాలని మరోరోజు. ఈయన ఇంటి దగ్గర పెద్ద తోటే ఉండి ఉంటుందని నేను అనుకునేవాణ్ణి.

మొక్కలను రూమ్ ముందు నేలలోకి మార్చాక అసలు తగువు మొదలైంది. నీళ్ల ట్యాంకర్ రెండు రోజులకోసారి వచ్చేది. మా రూమ్‌లోనే రాజన్న అని సిరిసిల్ల వైపు మేస్త్రీ ఉండేవాడు, కోపిష్టి. ఒక సాయంత్రం నా చేతిలో చెంబు చూసి అడ్డం నిలబడ్డాడు.

“తాగుదామంటే నీళ్లు లెవ్వు. మీరు కట్టెలకు పోస్తున్రు. రేపొచ్చేసరికి ఇవి ఉండొద్దు. ఉంటే నేనే పెరుకుత.”

నేను ఏదో అనబోయాను. మస్తాన్ సాబ్ నన్ను ఆపాడు. “రాజన్న అన్నది న్యాయమే. తాగే నీళ్లు ఒక్క చుక్క పొయ్యం. బియ్యం కడిగిన నీళ్లు మాకియ్యండి. నా నీళ్లు ఎట్లాగూ ఉన్నాయి.”

ఆయన నీళ్లంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్లు. వాటిలో సబ్బు ఉండదు. ఆ రోజు నుంచి ఆయన చెంబు పట్టుకుని మొక్కల దగ్గరికే వచ్చి, పాదులో పడేలా కడుక్కునేవాడు. నేను ముఖం అక్కడే కడుక్కునేవాణ్ణి. చూసి చూసి రూమ్‌లో ఒక్కొక్కరూ అక్కడికే రావడం మొదలుపెట్టారు. రాజన్న మాత్రం దూరంగా పోయి కడుక్కునేవాడు.

జూన్‌లో పడమటి వేడిగాలి పట్టింది. మూడు రోజులు పొయ్యి ముందు నిలబడ్డట్టే ఉంది. నాలుగో రోజు చూస్తే మూడు మొక్కలకూ ఒక్క ఆకు లేదు. గోధుమరంగు పుల్లలు నిలబడి ఉన్నాయి. “ఖలాస్, సాబ్. అయిపోయింది” అని ఒకదాన్ని పట్టుకుని పీకబోయాను.

“ఉండబ్బీ.” ఆయన కూర్చుని బొటనవేలి గోరుతో పుల్ల మీద చిన్నగా గీశాడు. పై పొర లేచింది. లోపల చిలక రంగు పచ్చదనం. “కట్టె సంగతి నాకు చెప్తావా? ముప్పై ఏండ్లుగా అదే పని. ఇది పచ్చిది. బతికే ఉంది.” రెండోది గీశాడు, అదీ పచ్చగానే ఉంది. మూడోది గీస్తే లోపలి దాకా ఎండిపోయింది. దాన్ని తీసి పక్కన పెట్టాడు. మిగిలిన రెండింటికీ పడమటి వైపు విరిగిన సెంట్రింగ్ చెక్కలతో తడికలా కట్టాడు. నేను మొదళ్లలో ఖర్జూరపు ఆకులు పరిచాను. ఇరవై రోజులకు రెండూ మళ్లీ చిగురు పెట్టాయి. ఆ ఎండాకాలమంతా నేను ఒక్క రోజు కూడా ఇంటికి పోతానని అనలేదు. అనాలని గుర్తు కూడా రాలేదు.

అక్టోబరులో ఎండ తగ్గింది. మొదట వచ్చిన మొగ్గలు నాలుగైదు రాలిపోయాయి. పాదు పూర్తిగా ఎండనిచ్చి తర్వాత నీళ్లు పోస్తే అలాగే రాలతాయని, తడి ఆరకముందే పొయ్యాలని మస్తాన్ సాబ్ మళ్లీ ఎక్కణ్నుంచో సంగతి తెచ్చాడు. ఆ తర్వాత వచ్చిన మొగ్గ నిలిచింది. క్యాంపంతా దాని కబురే. బస్సులో మలయాళీలు, పంజాబీలు కూడా “ఆజ్ కిత్నా హువా?” అని అడిగేవాళ్లు. నేను వేలి మీద కొలత చూపించేవాణ్ణి. పచ్చటి మొగ్గ కొసన ఎరుపు తొంగిచూసిన రోజు నాకు డ్యూటీలో చెయ్యి ఆడలేదు.

శుక్రవారం సెలవు. పొద్దున్నే తలుపు తీసేసరికి విచ్చుకుని ఉంది. అరచేతికంటే పెద్దది, ఎర్రగా, నడుమ పుప్పొడి కాడ బయటికి చాపి. నేను అరిచిన అరుపుకు నాలుగు రూముల వాళ్లు లేచి వచ్చారు. పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని ఒకడు, లుంగీ సర్దుకుంటూ ఒకడు. ముప్పై మంది మగవాళ్లం ఒక్క పువ్వు చుట్టూ నిలబడ్డాం. ఎవరూ ముట్టుకోలేదు. మస్తాన్ సాబ్ మాత్రం పువ్వును కాదు, మా మొహాలను ఒక్కొక్కటే చూస్తున్నాడు.

రెండో రోజు మరో రెండు పూశాయి. అప్పుడు రాజన్న వచ్చాడు. నా వైపు చూడకుండా మస్తాన్ సాబ్‌తో మెల్లగా అన్నాడు. “సాబ్, రూమ్‌ల మా రాజన్న దేవుని పటం ఉన్నది, నాకు ఆయన పేరే పెట్టిన్రు. వచ్చినప్పటిసంది ఒక్క పువ్వు పెట్టలే. ఒకటి ఇస్తవా?”

మస్తాన్ సాబ్ మొక్క దగ్గరికి వంగాడు. పెద్దది చూసి తనే తెంపి, రెండు చేతులతో ఇచ్చాడు. ఆ సాయంత్రం నుంచి రాజన్న కూడా మొహం కడుక్కోవడానికి పాదు దగ్గరికే వచ్చాడు. మొక్కల దగ్గరికి మేకలు రాకుండా చుట్టూ రాళ్లు పేర్చింది కూడా అతనే.

ఒక నెల తర్వాత ముదీర్ క్యాంపు చూడటానికి వచ్చాడు. లెబనాన్ మనిషి. రెండు మొక్కల మీద కలిపి ఇరవై పూలున్నాయి. ఆయన నడక ఆపి, ఇవి ఎవరు పెంచారని అడిగాడు. డ్రైవర్ హిందీలోకి మార్చి చెప్పాడు. మేమందరం మస్తాన్ సాబ్ వైపు చూశాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. “ఇస్నే. యే నర్సయ్యా” అన్నాడు. నేను కాదని చెప్పబోతే ఆ చెయ్యి నా భుజాన్ని గట్టిగా నొక్కింది. వారంలో నన్ను తట్టల పని నుంచి తీసి, ఖురంలో కట్టిన బంగళాల చుట్టూ మొక్కలు పెట్టే పనిలో వేశారు.

ఆ రోజు నేను ఆయనతో తగువు పెట్టుకున్నాను. “ఎందుకట్ల చెప్పినవ్ సాబ్? నువ్వు పెంచినవ్. ఆ పని నీకు రావాలె. ఈ వయసుల ఎండల చెక్కలు ఎత్తుడు తప్పేది.”

“నాకు పని ఉందబ్బీ, చేత్తో నేర్చుకున్న పని. నీకు తట్ట తప్ప ఏముంది? ఇప్పుడొకటి వచ్చింది. గట్టిగా పట్టుకో.”

మరుసటి ఏడు ఆయన ఒప్పందం ముగిసి కడప వెళ్లిపోయాడు. నేను మొదటి సెలవుకు వచ్చినప్పుడు మా ఊరికి పోయి వారం ఉండి, రైలెక్కి ఆయన్ను చూడబోయాను. ఇంటి చుట్టూ దాసాని తోట ఉంటుందని ఊహించుకుంటూ వెళ్లాను. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. గడప దిగితే రాతి బండలే, చేరెడు మట్టి లేదు. ఆయన తలుపు చట్రం చిత్రిక పడుతున్నాడు. నన్ను చూసి లేచి గట్టిగా కావలించుకున్నాడు.

టీ తాగుతూ అడిగాను. “తోట ఏది సాబ్?”

“ఏం తోట?” అని నవ్వాడు. “నేను బౌషర్‌కు ముందు ఒక్క మొక్క పెట్టి ఎరగను.”

నాకు నమ్మకం కలగలేదు. అప్పుడు చెప్పాడు. కొమ్మలు తెచ్చిన ఆ బంగళాలో ఒక బలూచీ ముసలి తోటమాలి ఉండేవాడట. మస్తాన్ సాబ్ రోజూ మధ్యాహ్నం అన్నం విరామంలో గోడ దగ్గర నిలబడి ఆ ముసలాయన్ను ఒక్కటొక్కటే అడిగి, సాయంత్రం వచ్చి నాకు చెప్పేవాడట. గొయ్యి సంగతి, ఉప్పు సంగతి, బీడీ నీళ్ల సంగతి అన్నీ ఆ పూట విన్నవే.

“మరి ఎందుకు మొదలుపెట్టినవ్?”

“నువ్వు అన్నం తినకుండా కూర్చున్నావు కదప్పా. ఏమన్నా చెయ్యాల్సి వచ్చింది. ఆ పొద్దు ఆ గోడ పక్కన కొమ్మలు కనపడినాయి.” అంత మామూలుగా చెప్పి ఆయన మళ్లీ చిత్రిక అందుకున్నాడు.

నేను ఖురం తోటల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. చివర్లో నా కింద పద్నాలుగు మంది ఉండేవాళ్లు, తోటపని బాగా వచ్చిన మనుషులు. అయినా కొత్తగా ఎవరు వచ్చినా నేను మొదట చూసింది వాళ్ల చేతిపని కాదు, మధ్యాహ్నం క్యారియర్ ఎలా ఖాళీ అవుతోందన్నది. తినకుండా మూత పెట్టేసేవాడు కనపడితే పోయి ఎదురుగా కూర్చునేవాణ్ణి. రేపు నాకు నీతో పనుంది అనేవాణ్ణి. ఏం పనో అప్పటికి నాకూ తెలిసేది కాదు. తెల్లవారేలోగా ఆలోచించుకునేవాణ్ణి.