కిటికీ పక్క, రెండో కుప్ప

మా ఆడబిడ్డ పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను బీరువా ముందు కూర్చుని కళ్లజోడు చీటీ వెతుకుతున్నాను. కంటి డాక్టరు రాసిచ్చిన ఆ కాగితాన్ని ‘కళ్లు’ అని రాసిన సంచిలో పెట్టానో, ‘డాక్టర్లు’ అన్న దానిలో పెట్టానో, ‘ఆరోగ్యం’ అన్న దానిలో పెట్టానో గుర్తులేక, మూడూ నేల మీద కుమ్మరించాను. మా ఆయన ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని నిలబడ్డారు.

“చెల్లె పోయిందే,” అన్నారు.

నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. పోవడంలో కూడా నన్ను దాటిపోయింది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఇదే. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, ఇన్నేళ్లు ఆమెను చూసి కుళ్లుకున్నదాన్ని, ఒక్క ఫోనుతో మంచిదాన్నైపోలేను.

ఆమె హైదరాబాదులో కంప్యూటర్ల మీద పరిశోధన చేసేది. సిద్దిపేటలో ఆ మాట అన్నందుకు, “మా టీవీ ఖరాబైంది, మీ ఆడబిడ్డను జర చూడమనుర్రి” అని ఇంటికి వచ్చినవాళ్లున్నారు. ఆమె యంత్రాలు బాగుచేసే మనిషి కాదు. మా ఊరికి వచ్చిందంటే అసలు యంత్రాల వంక చూసేదే కాదు, మనుషులను చూసేది. ఎవరు ఏ కాగితం ఎక్కడ పెట్టుకుంటారు, కావలసినప్పుడు ఎట్లా వెతుక్కుంటారు, అదీ ఆమె చదువు. ఆ సంగతి తెలిస్తే, రేపు కంప్యూటరులో మనం దాచుకునేవి కూడా మనకు తోచినట్టే దాచుకునేటట్టు చెయ్యవచ్చునట. అందుకోసం ప్రతి వేసవిలో నెల రోజులు మా ఇంట్లో దిగేది. మా మామగారు ఎవరినీ ముట్టనివ్వని టేకు బల్ల ఆమెకు ఇచ్చేవారు. ఆ బల్ల మీద నేను ఒక ఉత్తరం రాసుకుంటానన్నా, “వంటింట్ల పీట లేదా?” అని అడిగిన మనిషి ఆయన.

నేనేమో ఇక్కడి కాలేజీ గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని. ఏ పుస్తకం అడిగినా కార్డుల పెట్టె లాగి క్షణంలో చూపించినదాన్ని. సర్దుకునే పద్ధతి మీద చదువైతే, ఇంట్లో నన్ను పెట్టుకుని ఇంకెక్కడికి పోతుందిలే అనుకున్నాను. మొదటి వేసవి స్టూలు వేసుకుని నా ముందే కూర్చుంది కూడా.

“వదినా, రేషను కార్డు తియ్యి.”

“ఇగో, గిదెంత సేపు!”

రేషను కార్డు ‘ప్రభుత్వం’లో లేదు. ‘వంటిల్లు’లో లేదు. ‘ముఖ్యమైనవి’ అని రాసిన సంచిలో అసలు ఏమీ లేదు. చివరికి ‘చిరునామా రుజువులు’ అన్న దానిలో దొరికింది. ఆ సంచి ఒకటి ఉందని కూడా నాకు అప్పుడే తెలిసింది, పైన అక్షరాలు మాత్రం నావే. ఆమె నవ్వలేదు. గడియారం చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. నవ్వినా బాగుండేది.

మర్నాడు నా జాకెట్టు తెస్తానని బజారుకు పోయి, దర్జీ సాబు దుకాణంలో పొద్దుగూకేదాకా కూర్చుంది. ఒట్టి చేతులతో, వెలిగిపోతున్న మొహంతో తిరిగి వచ్చింది.

“వదినా, ఆ దుకాణంల ఒక్క చీటీ లేదు! అన్నీ కుప్పలే. ‘లైబ్రరీ మేడం జాకెట్టు అయిందా సాబ్’ అన్న. మిషిను మీదికెల్లి తల గూడ ఎత్తలే. ‘ఆకుపచ్చదే గదా? తలుపు మూలకు, రెండో కుప్ప, అడుగున. ఇంక కుట్టలే. అయిందని మేడంకు నిన్ననే చెప్పిన, మీరు చెప్పకుర్రి’ అన్నడు.”

“నా జాకెట్టు అడుగున ఉన్నందుకా గింత సంబరం?”

“పేర్లు మర్చిపోతడట వదినా, జాగ మర్చిపోడట. చెయ్యి దానంతటదే పోతది.”

“నా జాకెట్టు మీదికి ఎందుకు పోదు మరి ఆ చెయ్యి?” అన్నాను.

ఆ నెలంతా దర్జీ సాబే. అతను గుండీలు ఎక్కడ పెడతాడు, కత్తెర ఏ చేత్తో తీస్తాడు, అన్నం తింటుంటే కూడా అదే ముచ్చట. గ్రంథాలయశాస్త్రం పరీక్ష రాసి ప్యాసైన మనిషి పక్కన చారు వడ్డిస్తూ ఉంది.

రెండో వేసవికి ఆమె కుప్పలు మా ముందు గదిలో వెలిశాయి. చూసినవి చూసినట్టు చిన్న చీటీల మీద రాసి, బల్ల మీద, మంచం మీద, కిటికీ గట్టు మీద పేర్చేది. మేము గోడ వెంట అడుగులు వేసుకుంటూ నడిచేవాళ్లం. తారీఖు లేదు, అంకె లేదు. “ఇదేం పద్ధతే పిల్లా?” అని అడిగాను ఒకనాడు.

“ఏది ఏడ పెట్టిన్నో అదే నా యాది వదినా. కిటికీ పక్కది దర్జీ సాబుది. దానిమీద అడ్డంగ పెట్టింది నాకింక సమజ్ కాంది. జరిపినవంటే పోయినట్టే.”

విన్నాను. బాగా విన్నాను. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో మీకు ఇప్పుడే తెలుస్తుంది.

మూడో వేసవిలో ఒక పొద్దున ఆమె పేరిట ఉత్తరం వచ్చింది. ఢిల్లీలో ఏదో సభలో మాట్లాడమని పిలిచారు. మా ఆయన చాయ్ తాగుతూ దాన్ని పైకి చదివి, “దర్జీ సాబు ముచ్చట ఢిల్లీల చెప్తదటనే మా చెల్లె!” అని మురిసిపోయారు. మామగారు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టారు. ఆ శుభవార్త దర్జీ సాబుకు చెప్పడానికి ఆమె బజారుకు పోయింది.

నేను ముందు గదిలోకి పోయి ఆ కాగితాలన్నీ సర్దాను. అట్టలు కత్తిరించి, నాడాలు కట్టి, ‘దర్జీలు’, ‘ఉత్తరాలు’, ‘ఇళ్లు’ అని నా మంచి దస్తూరీతో రాసి, అక్షరక్రమంలో బల్ల మీద నిలబెట్టాను. గది ముచ్చటగా ఉంది. అంత ముచ్చటగా ఎన్నడూ లేదు.

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. కిటికీ గట్టు వంక, మంచం వంక, బల్ల వంక చూసింది.

“మంచిగ సదిరినవ్ వదినా,” అంది. ఒక కట్ట తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. “ఇగ ఏది ఏందో నాకు తెల్వది.”

“నీకు సులువైతదని చేసిన. నాకేమెరుక?” అన్నాను.

నాకు ఎరుకే. అప్పుడు చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. ఆమె మీద ఈ స్మృతి రాయమని ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు అడిగినప్పుడు, చెబితే ఇక్కడే చెప్పాలనుకున్నాను.

ఆమె అరవలేదు, ఏడవలేదు. ఢిల్లీ ప్రయాణానికి వారం కూడా లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క చీటీ ఎత్తి, “ఇది ఏడికెల్లి తీసినవ్?” అని అడగడం మొదలుపెట్టింది. నాకేం గుర్తుంటుంది అనబోయాను. కాని నోరు దానంతటదే చెప్పింది. ఇది మంచం మీద, దిండు పక్కన. ఇది కిటికీ గట్టు మీద, మూలకు. ఇది బల్ల మీద అడ్డంగా ఉండె. మూడు రోజుల్లో గది మళ్లీ మునుపటిలాగే నడవడానికి చోటు లేకుండా అయింది.

“చూసినవా వదినా? పేర్లు రాసింది నువ్వే, నీ యాదిల ఉన్నయి జాగలే!” అని పకపకా నవ్వింది. నవ్వుతూనే అది కూడా పుస్తకంలో ఎక్కించింది.

ఆమె ఢిల్లీలో మాట్లాడింది అచ్చయి వచ్చినప్పుడు అందులో దర్జీ సాబు పేరు ఉంది. అతను ఆ పేజీని పటం కట్టించి దుకాణంలో వేలాడదీశాడు. నా సంగతి వచ్చినచోట ‘ఇంట్లోని ఒకరు’ అని మాత్రమే ఉంది.

“నా పేరు ఏదే?” అని అడిగాను.

“వద్దులే వదినా,” అంది. దానికి ఎన్నో నెలలు అలిగాను.

తరువాత ఎప్పుడో, తొంభైలలో, హైదరాబాదులో తన గదికి తీసుకుపోయి కంప్యూటరు తెర చూపించింది. దాని మీద చిన్నచిన్న కాగితం బొమ్మలు. ఒకదాన్ని పట్టుకుని మూలకు జరపమంది. జరిపాను. మర్నాడు మళ్లీ తీసుకుపోయి తెర వెలిగించింది. నేను పెట్టిన మూలనే ఉంది.

“ఇంతదానికా ఇన్నేండ్లు?” అన్నాను.

“గింతదానికే వదినా. పెట్టినోళ్లు తప్ప ఇంకెవ్వలు జరపొద్దు. గా మాట చెప్తెనే ఇక్కడోళ్లకు సమజ్ కాలే ఇన్నొద్దులు.” అని నా వంక చూసి టీ తెప్పించింది.

దినాలు అయిన తరువాత ఆమె పనిచేసిన చోటు నుంచి కబురు వచ్చింది. గది ఖాళీ చెయ్యాలి, సాయంత్రం సున్నం వేసేవాళ్లు వస్తారు అని. మా ఆయనకు ఆ గది చూసే ధైర్యం లేకపోయింది, నేను పోయాను. ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి తాళం తీసింది. లోపల మళ్లీ అవే కుప్పలు, బల్ల నిండా.

“మేడం దవాఖానల ఉన్నప్పుడు చెప్పిన్రు అమ్మమ్మా,” అంది ఆ పిల్ల. “‘నా బల్ల ఎవ్వల్ని ముట్టనియ్యకు. మా వదిన వస్తే ముట్టనియ్యి. ఒకపారి కావాల్నని అన్ని కలిపేసింది గని, ఏది ఏడ ఉండెనో మళ్ల ఆమెనే చెప్పింది. నా కాగితాలను గంత మనసు పెట్టి చూసినోళ్లు ఇంకొకళ్లు లేరు’ అన్నరు. ఏం కలిపిన్రు అమ్మమ్మా?”

“పాత ముచ్చట బిడ్డా,” అన్నాను.

‘కావాల్నని’ అందట. అంటే గుమ్మంలో నిలబడ్డ ఆ పొద్దే ఆమెకు తెలుసు. తెలిసి, ‘మంచిగ సదిరినవ్’ అని, ప్రతి వేసవికీ వచ్చి, నా చేతి అన్నం తిని, ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నా నాలుకైతే ఒక్క పూట కూడా ఆగేది కాదు. ఆ ఓర్పును తలుచుకుంటే కూడా నాకు అసూయే కలిగింది, నిజం చెబుతున్నాను.

సాయంత్రం దాకా పని చేశాను. ఒక్కొక్క కుప్ప ఎత్తి, నాడా కట్టి, పైన చీటీ పెట్టాను. పేర్లు రాయలేదు. ‘తలుపు వైపు, చివర’ అని రాశాను. ‘ఎడమ పక్క, కుర్చీకి దగ్గర’ అని రాశాను. ‘కిటికీ పక్క, రెండో కుప్ప, పైన అడ్డంగా ఒకటి’ అని రాశాను.

అన్నీ పెట్టెల్లోకి చేరాక బల్ల బయటపడింది. దాని మీద ఎన్నాళ్ల దుమ్మో. కాగితాలు ఉన్నంత మేర మాత్రం దుమ్ము లేని చదరాలు, ఏ కుప్ప ఎక్కడుండేదో అక్కడ. ఇంట్లో నేను రాసుకునే బల్ల రోజూ తుడుస్తాను. రేపు నేను పోయినా దాని మీద ఏ గుర్తూ కనబడదు.

అమ్మాయి తడిగుడ్డ తెచ్చింది.

“ఉండు బిడ్డా,” అన్నాను. “సున్నపోళ్లు రానీ.”

ఇద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. కిటికీ పక్కన రెండో చదరం కొంచెం వంకరగా, దాని మీద ఎవరో ఏదో అడ్డంగా పెట్టి ఇప్పుడే లేచిపోయినట్టు, సాయంత్రపు ఎండలో మెరుస్తూ ఉంది.