అన్నం తెల్లగనే ఉంది

మా ఆమె చనిపోయింది. చలి తగ్గుతున్న రోజుల్లో, మహబూబ్‌నగర్ దవాఖానలో. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడు రోజులు మాట లేదు, నాలుగో రోజు పొద్దున ఊపిరి ఆగింది. ఆమె చావుకు నీళ్లు కారణం కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను. చివరిదాకా చదివినవాళ్లు అలా అనుకునే వీలుంది.

మర్నాడు పేపర్లో చిన్న వార్త వచ్చింది. పురపాలక సంఘంలో పర్యావరణ విభాగం తొలి అధికారిణి అని రాశారు. అది నిజం. ఆమె కృషి వల్ల పద్నాలుగో వార్డు బోరు నీళ్లు మంచినీళ్లయ్యాయని రాశారు. అది నిజం కాదు. సంతాప సభలో కూడా అదే మాట చెప్పి చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క వాక్యాన్ని సరిచేయడానికి ఇది రాస్తున్నాను. ఆమె గురించి చెప్పకుండా దాన్ని సరిచేయడం కుదరదు.

మాది జడ్చర్ల దాటాక వచ్చే ఒక చిన్న పట్టణం. ఆమె తల్లి ఇక్కడే రోడ్లు ఊడ్చింది. మా అత్తకు దాహమైతే గడప బయట నిలబడి దోసిలి పట్టేది. ఇంటివాళ్లు చెంబు పైకెత్తి, తగలకుండా పోసేవాళ్లు. పక్కన నిలబడి అది చూసిన పిల్ల చదువుకుని అదే పట్టణానికి శానిటరీ ఇన్‌స్పెక్టర్ అయింది. ఇరవై ఏళ్లకు పైగా వీధులన్నీ తిరిగింది. ఎవరింట్లోనూ నీళ్లు అడిగి తాగలేదు. సంచీలో సీసా ఉండేది. అయిపోతే ఇంటికొచ్చే దాకా ఓర్చుకునేది. కోపంతో కాదు. అలవాటైపోయింది.

మాటలు తక్కువ. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన నన్ను ఊరంతా సారూ అనేది, ఆమె కూడా అలాగే పిలిచేది. ఏ ఇంటికి వెళ్లినా ముందు గదిలో కూర్చునేది కాదు. నేరుగా వెనక్కి, వంటింటి దగ్గరికి పోయేది. ఇంటి సంగతి వాడిన నీళ్లు పోయే మోరీ దగ్గర తెలుస్తుందనేది.

పోయిన వానాకాలం పురపాలక సంఘం తీర్మానం చేసి పర్యావరణ విభాగం పెట్టింది. అంతకుముందు దోమల పొగ మిషను పెట్టుకునే గదిని ఖాళీ చేసి సున్నం వేశారు. ఆకుపచ్చ బోర్డు తగిలించి రిబ్బను కత్తిరించారు. ఎవరూ ఆ సీటు కోరుకోలేదు కాబట్టి ఆమెకు ఇచ్చారు. మొక్కలు నాటించుడు, ప్లాస్టిక్ బంద్ చేయించుడు, ఫొటోలు పైకి పంపుడు, ఇంతే మేడం అని కమిషనర్ చెప్పాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది:

"కుర్చీ ఇచ్చిండ్రు సారూ. పనేందో మాత్రం చెప్పలే."

పని ఆమే వెతుక్కుంది. పద్నాలుగో వార్డు హైవే పక్కన, ఫ్యాక్టరీ షెడ్ల వెనక ఉంటుంది. అక్కడి వాగులో నీళ్లు కొన్ని రోజులు నురుగుతో, కొన్ని రోజులు సబ్బు వాసనతో పారతాయి. వాగు గట్టునే వార్డు బోరు. ఆ నీళ్లను పరీక్షకు పంపడానికి అనుమతి కావాలని కమిషనర్‌కు రాసింది. జవాబు రాలేదు. మళ్లీ రాసింది. రాలేదు.

అప్పుడు అన్నాన్ని నమ్ముకుంది. మా వైపు ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కొన్ని బోర్ల నీళ్లతో వండితే అన్నం పసుపు రంగుకు తిరుగుతుంది, సాయంత్రానికి జిగటగా అయి వాసనొస్తుంది. వార్డులో ఇల్లిల్లూ తిరిగి, పొద్దున వండిన అన్నంలో పిడికెడు గిన్నెలో తీసి పెట్టమంది. సాయంత్రం తానే వెళ్లి చూసేది. రంగు చూసి, వాసన చూసి, వేళ్లతో మెదిపి నోటుబుక్కులో రాసుకునేది. ఆఫీసులో దానికి అన్నం రిపోర్టని పేరు పెట్టి నవ్వుకున్నారు. మేడానికి ఇంట్లో తిండి సరిపోతలేదా అని ఒకాయన నన్నే అడిగాడు. ఆమెకు చెబితే నవ్వింది.

"అన్నం అబద్ధం చెప్పదు సారూ," అంది.

ఆమె చేతిరాత ఆమెకే అర్థమవుతుంది. రాత్రి కూరగాయలు తరుగుతూ ఆమె చెప్పేది, నేను మంచి కాగితాల మీద తిరగరాసేవాణ్ని. మొదట్లో పసుపు, పసుపు, పసుపు. అన్నం రంగు తిరిగితే ఆ బోరు నీళ్లు వాడొద్దని, మున్సిపాలిటీ నల్లా నీళ్లు పట్టుకోమని ఇంటింటికీ చెప్పి వచ్చేది. దసరా దాటాక రంగు మారింది. జనం బోరు మానేశారనుకున్నాం. తెలుపు అని చెప్పడం మొదలుపెట్టింది. దీపావళి నాటికి నేను పేజీలకు పేజీలు తెలుపు అని రాశాను. అలా రాస్తుంటే సంతోషంగా ఉండేది. ఆమె తరిగిన ముక్కలు కూడా ఆ రోజుల్లో సన్నగా, సమంగా ఉండేవి.

ఆ కాగితాలు కమిషనర్‌కు నచ్చాయి. పద్నాలుగో వార్డు నీటి నాణ్యత మెరుగుపడిందని, బోరు మూసే అవసరం లేదని పైకి నివేదిక పంపాడు. జతపరిచినవి నా చేతిరాతలో ఉన్న పేజీలు.

సంక్రాంతి పోయిన వారం ఒక మధ్యాహ్నం వార్డులో ఆమెకు షుగర్ పడిపోయింది. సీసాలో నీళ్లయిపోయాయి. ఒక ఇంటి అరుగు మీద కూలబడింది. ఆ ఇల్లాలు పరుగున లోపలికి పోయి గ్లాసులో నీళ్లు తెచ్చి, చేతికి చేయి తగిలేలా అందించింది. ఉద్యోగంలో చేరాక ఆమె ఇంకొకరి ఇంట్లో నీళ్లు తాగడం అదే మొదలు. ఏ నీళ్లమ్మా ఇవి అని అడిగింది.

"బోరువే మేడం. తాగనీకి బోరు, వండనీకి నల్లా. మీరు చెప్పినకాన్నుంచి వాడకట్టంత గట్లనే చేస్తున్నం. నల్లా నీళ్లు బ్లీచింగ్ మందు వాసనొస్తయి, తాగబుద్ధి కాదు. గివి కొబ్బరినీళ్ల లెక్కుంటయి. అన్నం తెల్లగనే ఉంది మేడం, సూడుండ్రి."

అని గిన్నె తెచ్చి చూపించిందట.

ఆ రోజు ఇంటికొచ్చి ఆమె కాళ్లు కూడా కడుక్కోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. జరిగింది చెప్పింది. వాళ్లు ఆమె మాట వినలేదని కాదు, మరీ బాగా విన్నారు. చెడు అన్నంలో ఉందనుకుని అన్నాన్ని కాపాడుకున్నారు.

"అన్నం నిజమే చెప్పింది. మీరేం తాగుతున్నరని నేనే అడగలే. ఇన్నేండ్లు తిరిగిన, ఒక్క ఇంట్ల గ్లాసెడు నీళ్లడిగినా తెలిసేది."

మర్నాడు ఎవరి అనుమతీ అడగకుండా బోరు నీళ్లు సీసాలో పట్టి, మూతకు లక్క వేసి, తన పేరు మీద హైదరాబాద్ ల్యాబ్‌కు పంపింది. అదే రోజు కమిషనర్‌కు ఉత్తరం రాసింది. నాలుగు వాక్యాలు. నా రికార్డు తప్పు. అన్నం నల్లా నీళ్లతో వండింది. జనం బోరు నీళ్లు తాగుతున్నారు. బోరును వెంటనే మూయించగలరు.

ఆ ఉత్తరాన్ని ఆపింది నేను.

రిపోర్టు రానీ అన్నాను. చేతిలో కాయితం లేకుండా మాట మార్చినవంటరు, ఇన్నేండ్ల పేరు పోతదన్నాను. చదువుకున్నవాడి సలహా. ఆమె నా వైపు చూసింది.

"అప్పటిదాక తాగుతరు గద సారూ."

"పదిహేను రోజులల్ల ఏమైతది," అన్నాను.

ఆమె ఉత్తరాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. నా మాట మీద గౌరవం.

కాగితం ఆపింది కానీ కాళ్లు ఆపలేదు. రోజూ వార్డుకు పోయి ఆ నీళ్లు తాగొద్దని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మొన్నటిదాక గిన్నెలు సూసిండ్రు, ఇగ నోర్లు సూస్తరా మేడం అని ఒకావిడ నవ్విందట. మంచిగున్నయని మీ బుక్కుల మీరే రాసుకున్నరు గదా అని ఇంకొకావిడ. ఆమె ఒక్కో ఇంటి ముందు నిలబడి, నేను తప్పు రాసిన అమ్మా అని చెప్పింది. అధికారి తప్పు ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ చూడలేదు. మేడానికి ఒంట్లో బాగలేదనుకున్నారు. కొన్నాళ్లకు అదీ నిజమైంది.

పదిహేను రోజుల్లో వస్తుందన్న రిపోర్టు నెల దాటినా రాలేదు. ఒక పొద్దున పొయ్యి ముందు ఒరిగిపోయింది.

మట్టి చేసి వచ్చిన రెండు వారాలకు, ఆమె పేరు మీద హైదరాబాద్ నుంచి కవరు వచ్చింది. చింపి చూశాను. అంకెలు నాకు అర్థం కాలేదు. కింద ఒక వాక్యం అర్థమైంది. తాగుటకు పనికిరాదు.

ఆమె సంచీలోని ఉత్తరం, ఈ రిపోర్టు తీసుకుని ఆఫీసుకు పోయాను. ఆకుపచ్చ బోర్డు ఉంది. గదికి తాళం ఉంది. కమిషనర్ మీటింగుకు పోయాడన్నారు. కాగితాలు తీసుకునే గుమాస్తా మంచివాడు, నా పాత విద్యార్థి. లేచి నిలబడి రెండూ చదివాడు.

"గా సీట్ల ఎవ్వరు లేరు సార్. చార్జ్ ఇంక ఎవలకియ్యలే. కొత్తోళ్లు రాంగనే ముందల పెడ్త," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మేడం పేరు మీద మంచిగ రాసి పంపిండ్రు సార్. ఇప్పుడు గిది పెడితే మేడంనే అంటరు."

అలాంటి మాటే ముందు నేను ఆమెతో అన్నాను.

అననీయండి. ఆమె ఇంటింటికీ పోయి చెప్పుకున్న తప్పును దాచి మనం ఆమెకు చేసే గౌరవం ఏమీ లేదు. ఆ పేజీల్లో తెలుపు అని ఉన్న ప్రతి మాటా నా చేతిరాత. అవి అన్నానికి సంబంధించినవి. బోరుకు కాదు. పద్నాలుగో వార్డు వాళ్లు ఇది చదివితే, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే, ఆ నీళ్లు తాగకండి. మేడం చివరిగా చెప్పిందే ఆమె మాట. ముందు చెప్పింది కాదు.

పోయిన వారం ఎండలు ముదిరాయి. బస్‌స్టాండ్ దగ్గర చలివేంద్రం పెడుతున్నామని, నేనే ప్రారంభించాలని కౌన్సిలర్ వచ్చి పిలిచాడు. ఎవరి పేరు మీదో చెప్పలేదు. వెళ్లాక చూశాను. తాటాకు పందిరి, ఇసుక మీద కొత్త కుండలు, పైన ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో. ఆఫీసు గుర్తింపు కార్డు ఫొటోనే పెద్దది చేశారు. ట్రాక్టర్ ట్యాంకరు నుంచి కుండల్లోకి పైపు పెట్టి నింపుతున్నారు. మేడం బాగుచేసిన బోరు నుంచే తెప్పించినం సార్ అని కౌన్సిలర్ నిండు మనసుతో చెప్పాడు.

మొదటి గ్లాసు నా చేతికిచ్చారు. నేను కింద పెట్టాను.

"ఈ నీళ్లు తాగనీకి పనికిరావు. రిపోర్టు నా దగ్గరుంది," అన్నాను. గట్టిగానే అన్నాను. క్లాసులో వెనక బెంచీకి వినబడేంత.

కౌన్సిలర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. జనం వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "సారు బాధల ఉన్నడు. జర నీడకు కూసోబెట్టుండ్రి."

ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎవరో విసనకర్రతో విసిరారు. అప్పుడే దేవరకొండ బస్సు వచ్చి ఆగింది. కిటికీల్లోంచి ఖాళీ సీసాలు పట్టుకున్న చేతులు బయటికొచ్చాయి. పద్నాలుగో వార్డు ఆడవాళ్లు జగ్గులతో పరుగెత్తి, నవ్వుతూ, ఒక్క చుక్క కింద పడకుండా నింపి ఇచ్చారు. లేచి నిలబడి మళ్లీ చెప్పాను. ఇంజను చప్పుడులో నాకే వినబడలేదు. ఒక ముసలావిడ కిటికీలోంచి ఫొటోను చూసి తడిచేత్తో దండం పెట్టింది. బస్సు కదిలింది. కిటికీల్లో సీసాలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి, తలలు వెనక్కి వాలాయి. దేవరకొండ మలుపు తిరిగే దాకా కనబడుతూనే ఉన్నాయి.