బెల్టుకు అడ్డంగా ఉన్న జాలీ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఇంకొకరు నా ముందే చెప్పారు. నేను నోరు మెదపలేదు. ఎవరికీ చెప్పుకోలేదు. మీకే చెబుతున్నాను.

నర్సీపట్నంలో మూతపడబోతున్న ఒక పాత రైసు మిల్లును నేను ఫొటోలు తీస్తున్న రోజులవి. ఉన్నది ఉన్నట్టే తీస్తాను, దేన్నీ కదపను అని గొప్పగా చెప్పుకునేదాన్ని. అక్కడ మిషను నడిపే పనివాడు సన్యాసిరావు గారిది మా నాన్న ఈడు. ఆ మధ్యాహ్నం నాతవరం నుంచి వచ్చిన ధాన్యం ఆడుతున్నారు. కప్పు సందులోంచి ఎండ పడి తవుడు దుమ్ము వెలుగుతోంది. తిరిగే బెల్టుకు అడ్డంగా ఇనప జాలీ. అదొక్కటే నా ఫొటోను పాడుచేస్తోంది.

"ఒక్క నిమిషం అది తీసేస్తారా?" అన్నాను.

"ఏటమ్మా, మిసను ఆడతండగానా?" అని ఆయన తటపటాయించారు. మళ్లీ అడిగాను. "సర్లెండి, బేగి కానియ్యండి."

నిమిషమన్నది ఎంతసేపయిందో. ఎండ జరుగుతోంది, దానితోపాటు నేనూ జరుగుతున్నాను. ఆయన జాలీ అందుకోబోతే ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నాను. నేను కెమెరాలోంచి చూస్తుండగానే ఆయన ధాన్యం తోయడానికి బెల్టు పక్కకు వంగారు. కేక వినబడింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

ఆస్పత్రిలో ఓనరు అడిగాడు. "జాలీ ఎవరు తీశారు?"

సన్యాసిరావు గారు నా వైపు చూడలేదు. "నానే తీసేనండి. తిరిగి బిగించడం మరిసిపోనాను."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది? తప్పు పనివాడిదే అని ఓనరు చేతులు దులుపుకున్నాడు.

ఆయన నన్ను కాపాడాలనుకున్నారా? చదువుకున్న ఆడపిల్లను ఇందులోకి లాగడం ఎందుకనుకున్నారా? లేక నేనే చెబుతానని ఒక్క క్షణం ఎదురుచూశారా?

మొన్న వాళ్లింటికి వెళ్లాను, చెప్పేద్దామనే. ఆయన ఎడమచేత్తో టీ గ్లాసు అందించబోయి కాస్త ఒలకబోశారు. భార్య విసుక్కుంది.

"ఈ మనిసి మతిమరుపే సెయ్యి తినేసిందమ్మా. ఇప్పటికీ బుద్ధి రానేదు."

ఆయన నవ్వి ఊరుకున్నారు. అంటే ఆమెకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ సొంత ఇంట్లో ఆ మాట పడుతూనే ఉన్నారు. నేను టీ తాగి వచ్చేశాను.

ఆయన ఏదీ మరిచిపోలేదు. జాలీ తీయమన్నది నేను. తీయించి, తిరిగి పెట్టనివ్వనిది కూడా నేనే. ఆమెకు చెప్పవలసింది మీకు చెప్పాను, ఇది సరిపోదని తెలుసు. అయినా ఈ మాట పూర్తిగా అనగలగడం నాకు ఇదే మొదటిసారి.